తైవాన్ పంపు మొరాయిస్తే: ప్లగ్గు నుంచి వెల్డింగ్ రాడ్డు దాకా

[స్టార్టర్ తాడు లాగిన చప్పుడు, రెండుసార్లు]

అబ్బాయి: అంటుకోని ఇంజిను చప్పుడు ఇది. నమస్కారం. ఈ రోజు పెరటి షెడ్డులోంచే మాట్లాడుతున్నాం. బల్ల మీద ఒక రైతు తెచ్చిన తైవాన్ పంపు ఉంది, అదే పెట్రోలు ఇంజినుతో మందు కొట్టే స్ప్రేయర్. జనవరిలో మినుముకు మందు కొట్టి అటక ఎక్కించారట. ఇప్పుడు వరికి కొడదామని దింపితే ఉలుకూ పలుకూ లేదు. పక్కన మా బాబాయి ఉన్నారు. విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకున్న మనిషి. బాబాయ్, దుకాణంలో ఆయనకు పిస్టన్, రింగులు మార్చాలని చెప్పారట. నిజంగా మార్చాలా?

బాబాయి: ఇంజిను విప్పకుండానే చెప్పారంటే అది జాతకం చెప్పినట్టే. ఆ తాడు మెల్లగా లాగి చూడు. మధ్యలో గట్టిగా అడ్డుకుంటోందా లేదా?

అబ్బాయి: అడ్డుకుంటోంది.

బాబాయి: కంప్రెషన్ ఉందన్న మాట, అంటే పిస్టన్ లోపలి గాలిని గట్టిగానే నొక్కుతోంది. రింగుల సంగతి తర్వాత చూడొచ్చు. స్పార్క్ ప్లగ్గు పానా అందుకో. నాలుగైదు సార్లు తాడు లాగాక ప్లగ్గు విప్పితే సగం సమాచారం దాని మొన మీదే ఉంటుంది. మొన తడిగా ఉంటే పెట్రోలు వస్తోంది, మంట అందడం లేదు. లేకపోతే పెట్రోలు మరీ ఎక్కువై ముంచేసింది. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు.

అబ్బాయి: ఇది పొడిగా ఉంది. వాసన కూడా లేదు.

బాబాయి: ఇంకొక్క పరీక్ష చేస్తే తేలిపోతుంది. ఆయిల్ కలిపిన పెట్రోలు నాలుగు చుక్కలు ప్లగ్గు రంధ్రంలో వేసి, ప్లగ్గు బిగించి, కింద పడినదంతా తుడిచేసి లాగు.

[తాడు లాగిన చప్పుడు. ఇంజిను రెండు క్షణాలు మోగి ఆగిపోయింది.]

అబ్బాయి: అంటుకుంది! వెంటనే ఆగిపోయింది.

బాబాయి: ఆగిపోవాలి కూడా. వేసిన నాలుగు చుక్కలూ కాలిపోయాయి. ఇంతకీ తెలిసిందేమిటి? మంట బాగుంది, కంప్రెషన్ బాగుంది, పెట్రోలు దారి మూసుకుపోయింది. రింగుల ఖర్చు మిగిలింది. మంట మీదే అనుమానం ఉంటే ప్లగ్గును ఇంజిను లోహానికి ఆనించి నిప్పురవ్వ చూస్తారు. కానీ ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టాలి. అందులోంచి పెట్రోలు ఆవిరి వస్తుంటుంది.

అబ్బాయి: ట్యాంకులో పెట్రోలు సగం ఉంది కదా, మరి దారి ఎందుకు మూసుకుపోయింది?

బాబాయి: అది జనవరి పెట్రోలు. గాజు సీసాలోకి కొంచెం వంచు. చూశావా, అడుగున వేరే పొర కనిపిస్తోంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్‌కు గాలిలో తేమను పీల్చే గుణం ఉంది. వానాకాలమంతా అటక మీద ఉంటే కావలసినంత తేమ దొరుకుతుంది. తేమ ఓ హద్దు దాటాక నీళ్లూ ఇథనాలూ కలిసి అడుగుకు దిగిపోతాయి. ట్యాంకులో పెట్రోలు పీల్చే గొట్టం చివర బరువుగా చిన్న ఫిల్టర్ ఉంటుంది కదా, అదీ అడుగునే పడి ఉంటుంది. అంటే ఇంజినుకు ముందు వెళ్లేది ఆ నీళ్ల పొరే. పెట్రోలులో కలిపే టూటీ ఆయిల్ పై పొరలోనే ఉండిపోతుంది.

అబ్బాయి: కొత్త పెట్రోలు పోస్తే సరిపోతుందా?

బాబాయి: ఒక్కోసారి సరిపోతుంది. దీనికి సరిపోదు, కార్బొరేటర్ విప్పాల్సిందే. విప్పేముందు ఫోనుతో నాలుగు వైపులా ఫొటోలు తీసుకో. లోపల పల్చటి గాస్కెట్లు, డయాఫ్రమ్‌లు ఉంటాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది తారుమారైతే ఎంత శుభ్రం చేసినా పని చేయదు. ఇదిగో, ఈ మూత తీస్తే కనిపించేది డయాఫ్రమ్. వేలితో నొక్కు.

అబ్బాయి: బిరుసుగా ఉంది. నొక్కితే చిటుక్కుమంటోంది.

బాబాయి: అది మెత్తగా, చప్పుడు లేకుండా ఊగాలి. ఇంజిను ఊపిరి తీసిన ప్రతిసారీ అది కదిలితేనే లోపలి సూది లేచి పెట్రోలు దిగుతుంది. ఇలా గట్టిపడితే మార్చడమే, కడిగితే లాభం లేదు. రెండో వైపు మూత కింద గోరంత కూడా లేని జాలీ ఉంది చూడు. దాని మీద పచ్చటి జిగురు పట్టింది. ఆరిపోయిన పెట్రోలు ఇలాగే మిగులుతుంది. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి, గాలి పెట్టాలి. గాలి పెట్టేముందు డయాఫ్రమ్‌లు బయటికి తీసేయాలి, లేకపోతే చిరిగిపోతాయి. పెట్రోలు వచ్చే సన్న రంధ్రాన్ని జెట్టు అంటారు, అందులో ఇనుప తీగ మాత్రం గుచ్చకూడదు. ఆ రంధ్రం వెంట్రుకవాసి పెరిగినా పెట్రోలు లెక్క మారిపోతుంది. కరెంటు వైరులోంచి ఒక్క రాగి పోగు లాగి వాడుకో.

అబ్బాయి: పక్కన రెండు చిన్న స్క్రూలు ఉన్నాయి, ఇవి ఏమిటి?

బాబాయి: వాటి జోలికి వెళ్లకు. పెట్రోలు పాళ్లు సరిచేసేవి అవే. ఊళ్లో సగం పంపులు పాడయ్యేది వాటిని అటూ ఇటూ తిప్పడం వల్లే. తప్పనిసరై విప్పితే, ముందు మెల్లగా బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకో, తిరిగి అన్నే విప్పు.

అబ్బాయి: ఆయిల్ కలపడంలో కూడా గందరగోళం ఉంది. సీసా మూతతో కొలిచి పోసేస్తుంటారు.

బాబాయి: 25కి 1 పాళ్లంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు, 50కి 1 అంటే 20 మిల్లీలీటర్లు. మందుల దుకాణంలో పది రూపాయల సిరంజి కొనుక్కుంటే బాధ తీరిపోతుంది. ఏ పాళ్లు అన్నది యంత్రంతో వచ్చిన పుస్తకంలోనో, ట్యాంకు మూత మీదో ఉంటుంది. ఇప్పుడు ఫోర్ స్ట్రోక్ పంపులు కూడా వస్తున్నాయి, వాటి పెట్రోలులో ఆయిల్ కలపకూడదు. ఆయిల్ తగ్గితే ఏమవుతుందో చూడాలంటే సైలెన్సర్ విప్పి ఆ రంధ్రంలోంచి పిస్టన్ మీద టార్చి వెయ్యి. నున్నగా ఉంటే అదృష్టం. నిలువు గీతలు పడి ఉంటే అప్పుడు పిస్టన్ మార్చమనే మాటకు అర్థం ఉంటుంది.

అబ్బాయి: దీనికి గీతలు లేవు. కొత్త డయాఫ్రమ్ కిట్టు తెచ్చి బిగించేద్దాం. ఈలోగా రెండో పనికి వద్దాం. ఈ పంపు నేల మీద పెడితే తేమ, అటక మీద పెడితే దింపడం కష్టం. దీనికి ఒక స్టాండు చేద్దామన్నారు మీరు.

బాబాయి: అంగుళం చదరపు పైపు, 16 గేజి. పై చట్రం 600 మిల్లీమీటర్లు పొడవు, 400 వెడల్పు. వెల్డింగ్ రాదని చాలామంది భయపడతారు కానీ, అసలు తంటా కొలతలతోనే. నాలుగు ముక్కలూ కోసి నేల మీద పరిచాక మూలమట్టం పెట్టి చూస్తారు. అది చాలదు. ఐమూల కొలవాలి. ఈ మూల నుంచి ఆ మూలకు, ఆ మూల నుంచి ఈ మూలకు. ఈ చట్రానికి రెండూ 721 మిల్లీమీటర్లు రావాలి. ఒకటి 724, ఇంకొకటి 718 వచ్చిందంటే చట్రం ఒక పక్కకు ఒరిగింది. పొడవుగా ఉన్న ఐమూల వైపు మూలను సుత్తితో ఓ చిన్న దెబ్బ వేస్తే సర్దుకుంటుంది. టాకు, అంటే చుక్కంత వెల్డింగ్, మాత్రమే వేసి ఉన్నప్పుడే ఆ దెబ్బ పని చేస్తుంది.

అబ్బాయి: అంటే టాకులు వేశాక మళ్లీ కొలవాలా?

బాబాయి: మళ్లీ కొలవాలి. కరిగిన లోహం చల్లారేటప్పుడు కుంచించుకుపోయి పైపును తన వైపు లాక్కుంటుంది. ఒక మూల పూర్తిగా కుట్టేసి రెండో మూలకు వెళ్తే అప్పటికే చట్రం వంకర తిరిగి ఉంటుంది. అందుకే నాలుగు మూలలా టాకులు, కొలత, ఆ తర్వాత ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా. ఈ పల్చటి పైపుకు రెండున్నర మిల్లీమీటర్ల 6013 రాడ్డు, 60 నుంచి 75 ఆంపియర్లు చాలు. పెంచితే బొక్క పడుతుంది. పెయింటు, తుప్పు గీకేసిన చోటే ఎర్త్ క్లాంపు పెట్టు. రాడ్డు చిటపటలాడి అతుక్కుపోతుంటే మిషన్‌ను తిట్టకు, రాడ్డుకు తేమ పట్టి ఉండొచ్చు.

అబ్బాయి: ఇన్వర్టర్ వెల్డింగ్ మిషన్‌ను ఇంటి కరెంటు తట్టుకుంటుందా?

బాబాయి: 16 ఆంపియర్ల సాకెట్టు, సరైన వైరు, ఎర్తింగు ఉంటే ఇలాంటి పనికి తట్టుకుంటుంది. టీవీ పెట్టే 6 ఆంపియర్ల సాకెట్టులో పెట్టకూడదు. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్ట చుట్టి ఉంచితే వేడెక్కి కరిగిపోతుంది, పూర్తిగా విప్పి పరచాలి.

అబ్బాయి: జాగ్రత్తల గురించి వినేవాళ్లకు విసుగే, కానీ అడగాలి.

బాబాయి: నేను రెండు మూడే చెబుతాను. నల్ల అద్దం 10 లేదా 11 నంబరుది వాడు. అది లేకుండా చూస్తే అప్పుడేమీ తెలియదు, రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది. జీఐ పైపు దొరికిందని అలాగే వెల్డింగ్ చేయకు. పైన జింకు పూత కాలి తెల్లటి పొగ వస్తుంది, సాయంత్రానికి చలిజ్వరం తగులుతుంది. పూత గ్రైండ్ చేసేయి, అప్పుడు కూడా ఆరుబయటే చేయి. గ్రైండరుకు గార్డు తీయకు. బ్లేడు నడిమి ఇనుప వలయం మీద గడువు తేదీ ముద్రించి ఉంటుంది, అది దాటితే పారేయి. గ్రైండరుకు కర్ర కోసే పళ్ల బ్లేడు తగిలించేవాళ్లతో నాకు మాటలు లేవు.

అబ్బాయి: చివరిగా ఒక శ్రోత ప్రశ్న. మోపెడ్ పెట్రోలు ట్యాంకుకు చిన్న చిల్లు పడిందట, కడిగేసి ఇంట్లో వెల్డింగ్ చేసుకోవచ్చా అని.

బాబాయి: వద్దు. కడిగినా అతుకుల్లో, తుప్పులో పెట్రోలు దాగి ఉంటుంది. వేడి తగలగానే ఆవిరై ట్యాంకు పేలుతుంది. ట్యాంకు మార్చుకోమను. డబ్బు తక్కువైతే ఆటోనగర్‌లో పాత ట్యాంకులు దొరుకుతాయి, లోపల టార్చి వేసి తుప్పు చూసుకుని కొనమను.

అబ్బాయి: సరే బాబాయ్. వచ్చే భాగంలో ఇదే స్టాండుకు రెడ్ ఆక్సైడ్, పైన రంగు వేస్తాం. కిట్టు బిగించాక పంపు సంగతి కూడా చెబుతాం. నమస్కారం.