ప్రశ్నకు బలం ఫైల్లో ఉంటుంది

అందరికీ నమస్కారం.

శాసనసభ ప్రశ్నోత్తరాలను మనం ఎక్కువగా టీవీ ముక్కల్లో చూస్తాం. ఎవరు ఎవరిని ఇరుకున పెట్టారు, మంత్రి ఎంత ఘాటుగా తిప్పికొట్టారు అన్నదే మనకు గుర్తుంటుంది. ఈ రోజు నేను ఉత్తర ఐర్లాండ్ శాసనసభ గురించి మాట్లాడతాను. బెల్‌ఫాస్ట్ శివార్లలోని స్టోర్మాంట్‌లో ఉంటుంది ఆ సభ. పొయ్యిలో కాల్చే చెక్క గుళికల మీద ఇచ్చిన ఒక సబ్సిడీ 2017లో అక్కడి ప్రభుత్వాన్ని కూల్చేసింది. మూడేళ్ల పాటు సభ నడవలేదు. అంత చిన్న విషయం అంత దూరం ఎలా వెళ్లిందో చూస్తే, శాసనసభ్యుడు అడిగే ప్రశ్న ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ విరిగిపోతుందో బాగా అర్థమవుతుంది.

ముందు కొంచెం నేపథ్యం. 1998 ఏప్రిల్‌లో కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందంతో దశాబ్దాల హింసకు తెరపడి, లండన్ నుంచి అక్కడికి కొన్ని అధికారాలు వెళ్లాయి. ఆరోగ్యం, విద్య, వ్యవసాయం, స్థానిక పరిశ్రమలు స్టోర్మాంట్ చేతిలో ఉంటాయి. రక్షణ, విదేశాంగం లండన్ దగ్గరే ఉంటాయి. ఖర్చుకు కావలసిన డబ్బులో పెద్ద వాటా లండన్ నుంచి గంపగుత్తగా వస్తుంది. 1919 చట్టం కింద మన మద్రాసు రాష్ట్రంలో నడిచిన ద్వంద్వ పాలన గురించి చదివినవాళ్లకు ఈ పంపకం కొత్తగా అనిపించదు.

ఇంకో విశేషం ఉంది. బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టులు, ఐర్లాండ్‌తో కలవాలనే నేషనలిస్టులు ఇద్దరూ ప్రభుత్వంలో ఉండి తీరాలి. ఫస్ట్ మినిస్టర్, డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ ఇద్దరిదీ ఒకే ఉమ్మడి పదవి. ఒకరు దిగిపోతే రెండోవారూ దిగిపోయినట్టే. శాంతి కోసం చేసుకున్న ఏర్పాటు ఇది, దాని విలువను నేను తక్కువ చేయను. కానీ పెద్ద పార్టీలన్నీ ప్రభుత్వంలో కూర్చుంటే ప్రశ్న అడిగేదెవరు? అధికారిక ప్రతిపక్షం అనే ఏర్పాటుకు అక్కడ చట్టం వచ్చింది 2016లోనే. అప్పటిదాకా ఆ భారం చాలావరకు చిన్న పార్టీల మీద, ఒంటరి సభ్యుల మీద పడింది.

అలాంటి ఒంటరి సభ్యుల్లో జిమ్ అలిస్టర్ ఒకరు. వృత్తిరీత్యా బారిస్టర్. ట్రెడిషనల్ యూనియనిస్ట్ వాయిస్ అనే పార్టీ తరఫున 2011లో నార్త్ ఆంట్రిమ్ నుంచి గెలిచారు. 2024 దాకా ఆ సభలో ఉన్నన్నాళ్లూ ఆ పార్టీకి ఆయన ఒక్కరే. ఆయన రాజకీయాలతో నాకు ఏకీభావం లేదు, రెండు వర్గాలూ కలిసి పాలించాలన్న ఆ ఏర్పాటునే ఆయన వ్యతిరేకిస్తారు. అయినా ఏళ్ల తరబడి లిఖితపూర్వక ప్రశ్నలు వేస్తూ మంత్రుల శాఖలను వదలకుండా వెంటాడిన తీరు గమనించదగ్గది. అక్కడ మామూలు లిఖిత ప్రశ్నకు మంత్రి పది పనిదినాల్లో జవాబివ్వాలి. ఒక్కడే ఉన్న సభ్యుడికి ఓట్లు లేకపోయినా ఈ గడువు ఒక ఆయుధం. ఆయన సంగతి మళ్లీ చివర్లో వస్తుంది.

ఇప్పుడు పథకం. దాని పేరు రెన్యువబుల్ హీట్ ఇన్సెంటివ్. చమురు, గ్యాస్ మాని చెక్క గుళికల్లాంటి వాటితో వేడి పుట్టించే వ్యాపారులకు, రైతులకు యూనిట్ లెక్కన ఇరవై ఏళ్లు డబ్బు ఇస్తారు. ఉద్దేశం మంచిదే. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో 2011లో మొదలైంది. అక్కడ ఒక జాగ్రత్త తీసుకున్నారు. ఏడాదిలో మొదటి 1,314 గంటలకు ఎక్కువ రేటు, ఆ తర్వాత బాగా తక్కువ రేటు. అనవసరంగా కాలిస్తే లాభం ఉండదు.

2012 నవంబరులో ఉత్తర ఐర్లాండ్ అదే పథకాన్ని తెచ్చుకుంది, తక్కువ రేటు అనే ఆ రెండో మెట్టు లేకుండా. ఎందుకు తీసేశారు? సలహా సంస్థ ఇచ్చిన నివేదికలో, ఇంధనం ఖర్చు కంటే సబ్సిడీ తక్కువ కాబట్టి మెట్లు అక్కర్లేదని రాసి ఉంది. అదే నివేదిక పట్టికల్లో గుళికలతో వచ్చే వేడికి యూనిట్‌కు 4.39 పెన్నీల ఖర్చు, సబ్సిడీ 5.9 పెన్నీలు అని ఉంది. అంటే ఎంత కాలిస్తే అంత లాభం. మాట ఒకటి చెబుతోంది, పక్కనే అంకె ఇంకోటి చెబుతోంది. అధికారులు చూడలేదు. మంత్రి చూడలేదు. పథకాన్ని నడిపే బ్రిటన్ నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్, ఖర్చు అదుపు నిబంధనలు వచ్చేదాకా ఆగమని 2012 జూన్‌లోనే చెప్పింది. ఆగలేదు.

2012 అక్టోబరులో నిబంధనలు సభ ముందుకు వచ్చాయి, ఆమోదం పొందాయి. అప్పట్లో సభలో 108 మంది సభ్యులు. "బ్రిటన్ నిబంధనల్లో ఉన్న రెండో రేటు మన నిబంధనల్లో ఎందుకు లేదు?" అన్న ఒక్క వాక్యం చాలు. ఆ రెండు కాగితాలూ బహిరంగంగా దొరికేవే, పక్కపక్కన పెట్టుకుని చదవాలంతే. సభ ఆ తేడాను పట్టుకోలేదు. పథకం తెచ్చిన శాఖ మంత్రి ఆర్లీన్ ఫోస్టర్, తాను సభ ముందు పెట్టిన ఆ నిబంధనలను తాను చదవలేదని 2018లో ఈ పథకంపై జరిగిన విచారణ ముందు ఒప్పుకున్నారు.

ఈ చోట అనుబంధ ప్రశ్న గురించి, అంటే మంత్రి జవాబు విన్నాక అక్కడికక్కడే వేసే ప్రశ్న గురించి చెప్పాలి. మొదటి ప్రశ్నకు జవాబు అధికారులు రాసిస్తారు, మంత్రి చదువుతారు. మంత్రికి విషయం తెలుసా లేదా అన్నది తేలేది అనుబంధ ప్రశ్నలోనే. మన దేశంలో ఈ హక్కు ఒక్కసారిగా రాలేదు. 1892 చట్టంతో మండలి సభ్యులకు ప్రశ్న అడిగే వీలొచ్చింది కానీ అనుబంధ ప్రశ్న లేదు. 1909లో ప్రశ్న అడిగిన సభ్యుడికే అనుబంధం ఇచ్చారు. 1919 సంస్కరణల తర్వాతే ఏ సభ్యుడైనా అడగగలిగాడు. పాతికేళ్లకు పైగా పట్టింది. పరాయి ప్రభుత్వం దాన్ని అంత మెల్లగా వదులుకుందంటే దాని పదును వాళ్లకు తెలుసు. ఇవాళ మన సభల్లో అనుబంధ ప్రశ్న పేరుతో పొగడ్తలో తిట్లో వినిపించినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది.

ఇక డబ్బు సంగతి. ఇది అధికారాలు బదిలీ అయిన ప్రభుత్వాలన్నిటికీ ఉన్న జబ్బు. ఆ సబ్సిడీ లండన్ ఖజానా నుంచి వస్తుందని, ఎంతయినా వాళ్లే భరిస్తారని బెల్‌ఫాస్ట్‌లో చాలామంది నమ్మారు. నిజానికి ఉత్తర ఐర్లాండ్‌కు వచ్చేది జనాభా లెక్కన ఒక వాటా మాత్రమే, దాటితే సొంత బడ్జెట్ నుంచి పెట్టుకోవాలి. ఆస్పత్రులకు, బళ్లకు పోవాల్సిన డబ్బన్నమాట. పక్కవాడి డబ్బు అనుకున్నప్పుడు ప్రశ్న పుట్టదు. కేంద్ర ప్రాయోజిత పథకాల విషయంలో మన దగ్గరా అంతే. రాష్ట్రంలో అడిగితే అది కేంద్రం విషయం, ఢిల్లీలో అడిగితే అమలు రాష్ట్రం బాధ్యత. సభ్యుడు ముందు తేల్చుకోవలసింది, ఖర్చు హద్దు దాటితే బిల్లు ఎవరి ఖాతాలో పడుతుంది అని.

హెచ్చరికలు రాలేదా అంటే, వచ్చాయి. 2013లోనే ఒక మహిళా వ్యాపారి మంత్రికి ఉత్తరం రాశారు. వేడి ఆదా చేసే పరికరాలు అమ్మడం ఆమె పని. ఆదా మాకెందుకు, కాలిస్తేనే డబ్బొస్తుందని కొనేవాళ్లు అంటుంటే ఆమెకు విషయం అర్థమైంది. అధికారులను కలిసి వివరించారు కూడా. వాళ్లు పట్టించుకోలేదు. ఆ తర్వాత కూడా ఆమె రాస్తూనే ఉన్నారు. 2014లో జరగాల్సిన సమీక్ష జరగలేదు. 2015 మార్చితో ఆర్థిక శాఖ అనుమతి గడువు ముగిసిన సంగతి కూడా ఎవరూ గమనించలేదు. 2015లో రేటు తగ్గించబోతున్నారని తెలిసి జనం ఎగబడ్డారు. పథకం మొత్తంలో చేరిన రెండు వేల పైచిలుకు బాయిలర్లకు గాను, ఆ ఏడాది సెప్టెంబరు నుంచి నవంబరు మధ్యే 984 దరఖాస్తులు వచ్చాయి. 2016 ఫిబ్రవరి చివర్లో కొత్తవాళ్లను చేర్చుకోకుండా పథకం మూసేశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నారు.

2016 జులైలో ఆడిట్ నివేదిక వచ్చింది. ఖాళీ షెడ్డును వేడి చేస్తూ సబ్సిడీ తీసుకోబోతున్నారన్న ఆకాశరామన్న ఉత్తరం సంగతి అందులో బయటపడింది. ఇరవై ఏళ్లలో అదనపు భారం 49 కోట్ల పౌండ్లు ఉండొచ్చని అంచనా వేశారు. అప్పటికి ఫోస్టర్ ఫస్ట్ మినిస్టర్ అయ్యారు. తాత్కాలికంగా పక్కకు తప్పుకోవాలంటే ఒప్పుకోలేదు. డిసెంబరు 19న సభలో ఆమెను పదవి నుంచి తప్పించే తీర్మానానికి ఎక్కువ మంది ఓటేసినా, రెండు వర్గాల మద్దతూ ఉండాలన్న నిబంధన వల్ల అది వీగిపోయింది. 2017 జనవరి 9న డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ మార్టిన్ మెక్‌గిన్నిస్ రాజీనామా చేశారు, ప్రభుత్వం పడిపోయింది. 2020 జనవరి దాకా మంత్రులు లేరు, ప్రశ్న అడగడానికి సభా లేదు.

నిజాయితీగా బాయిలర్ పెట్టుకున్న రైతుల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 2017లో, మళ్లీ 2019లో రేట్లు కోశారు. మధ్యరకం బాయిలర్‌కు ఏడాదికి సుమారు 13,000 పౌండ్లు వచ్చేది 2,000కు పడిపోయింది. అంచనా వేసిన నష్టం ఖజానాకు తప్పింది. ప్రభుత్వ హామీని నమ్మి బ్యాంకులో అప్పు చేసినవాళ్ల మీద ఆ దెబ్బ పడింది. ఆ నిబంధన రాసినవాళ్లు వీళ్లు కాదు.

విశ్రాంత న్యాయమూర్తి సర్ ప్యాట్రిక్ కాగ్లిన్ నడిపిన విచారణ నివేదిక 2020 మార్చి 13న వచ్చింది. అందులో 319 నిర్ధారణలు, 44 సిఫార్సులు. మూలకారణం అవినీతి కాదని, పొరపాట్లు ఒకదానిమీద ఒకటి పేరుకుపోవడమేనని తేల్చింది. నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం 2018 మార్చిలో ఆ విచారణ ముందు సివిల్ సర్వీస్ అధిపతి డేవిడ్ స్టెర్లింగ్ చెప్పిన సాక్ష్యం. మంత్రులతో జరిగే కొన్ని సమావేశాలకు మినిట్స్, అంటే ఎవరేం మాట్లాడారో చెప్పే రికార్డు, రాయడం మానేశామని ఆయన చెప్పారు. సమాచార హక్కు కింద ఎవరైనా అడిగితే బయటపడతాయన్నది ఒక కారణం. రెండు పెద్ద పార్టీలూ విమర్శను సహించలేని స్థితిలో ఉండేవని కూడా అన్నారు.

దీని అర్థం ఏమిటో ఒక్క నిమిషం ఆలోచించండి. సభ్యుడు ప్రశ్న వేస్తాడు. శాఖ ఫైలు తెరుస్తుంది. ఫైల్లో ఏమీ లేదు. "అలాంటి సమావేశం వివరాలు మా వద్ద లేవు" అని జవాబు వస్తుంది. అది అబద్ధం కూడా కాదు. అడిగే హక్కును ఎవరూ తీసేయలేదు, అడిగినా తెలియకుండా చేశారు. నా దృష్టిలో అబద్ధపు జవాబు కంటే ఇదే ప్రమాదం. అబద్ధమైతే ఎప్పటికైనా పట్టుబడుతుంది, రాయని కాగితం పట్టుబడదు.

స్కాట్లండ్‌లోనూ ఇదే చూశాం. ఆరన్ దీవికి నడపాల్సిన గ్లెన్ సానక్స్, దాంతోపాటు మరో ఫెర్రీ. రెండింటికీ 2015లో 9.7 కోట్ల పౌండ్ల కాంట్రాక్టు ఇచ్చారు. 2018లో ప్రయాణాలు మొదలుపెట్టాల్సిన గ్లెన్ సానక్స్ ప్రయాణికులను ఎక్కించుకుంది 2025 జనవరిలో. ఖర్చు ఎన్నో రెట్లు పెరిగింది. పూర్తి బ్యాంకు గ్యారంటీ లేకపోయినా ఆ కాంట్రాక్టుకు మంత్రులు ఎందుకు ఒప్పుకున్నారో చెప్పే పత్రం దొరకలేదని 2022 మార్చిలో ఆడిట్ స్కాట్లండ్ రాసింది. ఎడిన్‌బరోలోని స్కాట్లండ్ సభలో ఏళ్ల తరబడి సభ్యులు అడుగుతూనే ఉన్నారు. ఆ రిస్కు ఎవరు ఒప్పుకున్నారు, ఎందుకు? రెండో మాటకు జవాబు చెప్పే కాగితమే లేదు.

మన దగ్గర 1957లో జీవిత బీమా సంస్థ నిధులను ముంద్రా అనే వ్యాపారి కంపెనీల్లో పెట్టిన సంగతిని లోక్‌సభలో ఫిరోజ్ గాంధీ నిలదీశారు. కొన్ని వారాల్లోనే చాగ్లా కమిషన్ విచారణ ముగించింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఫిరోజ్ గాంధీ పాలక పక్ష సభ్యుడే. అంత తొందరగా తేలడానికి సభ్యుడి ధైర్యం ఒక కారణం, ఉత్తరాలు, నోట్లు దొరకడం ఇంకో కారణం.

మళ్లీ జిమ్ అలిస్టర్ దగ్గరకు వద్దాం. సభ తిరిగి మొదలయ్యాక ఆ ఒంటరి సభ్యుడు సొంతంగా ఒక బిల్లు పెట్టారు. మంత్రుల, వాళ్ల ప్రత్యేక సలహాదారుల సమావేశాలకు రాతపూర్వక రికార్డు ఉండాలి. ప్రభుత్వ పనికి సొంత ఫోన్, సొంత ఈమెయిల్ వాడితే దాన్ని ప్రభుత్వ రికార్డులోకి ఎక్కించాలి. ప్రభుత్వ రహస్యాన్ని ఎవరి ఆర్థిక లాభం కోసమో బయటపెడితే నేరం. ప్రభుత్వంలో ఉన్న పెద్ద పార్టీ ఒకటి వ్యతిరేకించినా 2021 మార్చిలో అది చట్టమైంది. ఒక్క సభ్యుడున్న పార్టీ! అడిగిన ప్రశ్నలకు కాగితం దొరకని చోట, కాగితం ఉండి తీరాలన్న చట్టమే తెచ్చాడు.

చట్టం వచ్చినంత మాత్రాన అలవాటు మారదు. కోవిడ్ విచారణ 2024లో బెల్‌ఫాస్ట్‌లో కూర్చున్నప్పుడు, పదవి వదిలిన మంత్రులు తిరిగిచ్చిన కొన్ని పరికరాల్లో డేటా తుడిచేసి ఉందని తేలింది. అదే ఏడాది ఎడిన్‌బరోలో మాజీ ఫస్ట్ మినిస్టర్ నికోలా స్టర్జన్ తన వాట్సాప్ సందేశాలు తీసేశానని ఒప్పుకున్నారు.

మన రెండు రాష్ట్రాల సభ్యులకు, వాళ్ల దగ్గర పనిచేసే యువకులకు, సభా వార్తలు రాసే విలేకరులకు నేను అడిగేది ఇది. పథకం ఎంతమందికి అందింది, ఎంత ఖర్చయింది అని అడగండి, తప్పులేదు. ఆ వెంటనే ఇంకోటి కూడా అడగండి: ఈ నిర్ణయం ఏ తేదీ సమావేశంలో జరిగింది, ఎవరెవరు ఉన్నారు, ఆర్థిక శాఖ అభ్యంతరం ఏమైనా రాసిందా, ఆ నోట్ ప్రతిని సభ ముందు పెడతారా? "సమాచారం సేకరిస్తున్నాం" అన్న జవాబు వస్తే తేదీ రాసుకుని తర్వాతి సమావేశాల్లో అదే ప్రశ్న మళ్లీ వేయండి. నిబంధనలు సభ ముందు పెట్టిన రోజున వాటిని పక్క రాష్ట్రం నిబంధనలతో కలిపి చదవండి.