స్టాక్ ఓవర్‌ఫ్లో రివ్యూ: ప్రశ్నలు అడిగేవాళ్లు ఎటు పోయారు?

నమస్తే అండీ. ఈ చానెల్లో ఇప్పటిదాకా ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు రివ్యూ చేశాను. ఈ రోజు స్టాక్ ఓవర్‌ఫ్లో గురించి, అంటే ప్రోగ్రామర్లు ఒకరినొకరు ప్రశ్నలు అడిగి జవాబులు చెప్పుకునే వెబ్‌సైట్ గురించి, అక్కడ పోగైన మనుషుల గురించి మాట్లాడతాను. నా మొదటి ఉద్యోగంలో ఒక రాత్రి సర్వర్ ఆగిపోయింది. ఆఫీసులో నేనొక్కడినే ఉన్నాను, చెప్పలేనంత టెన్షన్. ఎర్రర్ మెసేజ్ కాపీ చేసి వెతికితే, ముక్కూ మొహం తెలియని మనిషి మూడేళ్ల ముందు అక్కడ రాసిపెట్టిన నాలుగు వాక్యాలు కనిపించాయి. వాటితోనే ఆ రాత్రి బయటపడ్డాను. అప్పటి నుంచి ఆ చోటంటే నాకు గౌరవం. ఈ మధ్య అక్కడి పరిస్థితి చూసి బాధేసింది, అందుకే ఈ వీడియో.

2008 సెప్టెంబర్‌లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ దీన్ని మొదలుపెట్టారు. అంతకు ముందు ఒక జవాబు కావాలంటే పేజీల కొద్దీ చర్చ చదవాలి, ఆఖరి పేజీలో "నాకు పనిచేసింది, థ్యాంక్స్" అని ఉంటుంది తప్ప ఏది పనిచేసిందో ఉండదు. వీళ్లు మంచి జవాబుకు ఓట్లు వేయించి దాన్ని పైకి తెచ్చారు. జవాబుకు ఒక ఓటు పడితే రాసినవాళ్లకు 10 పాయింట్లు. మనం ఓటు వేయాలంటే 15 పాయింట్లు, ఎక్కడైనా కామెంట్ పెట్టాలంటే 50, ఒక ప్రశ్నను మూసేయమని ఓటు వేయాలంటే 3000 ఉండాలని అప్పట్లో నియమం పెట్టారు. ఎంత పని చేస్తే అంత బాధ్యత అన్నమాట.

ఆ రోజుల నాణ్యత ఎలా ఉండేదో ఒక్క ఉదాహరణ చూపిస్తాను, స్క్రీన్ మీద చూడండి. 2012లో ఒకరు అడిగారు: వరసలో పేర్చిన అంకెల మీద లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్, నడిపితే చాలా వేగంగా అయిపోతోంది, అవే అంకెలు కలగాపులగంగా ఉంటే అదే లూప్ ఎందుకు నెమ్మదిస్తోంది? కోడ్‌లో ఒక్క అక్షరం తేడా లేదు. దానికి వచ్చిన జవాబు రైల్వే జంక్షన్ ఫొటోతో మొదలవుతుంది. రేడియో లేని పాత కాలంలో మీరు జంక్షన్‌లో పట్టాలు మార్చే మనిషి అనుకోండి. రైలు వస్తోంది, ఎటు వెళ్లాలో మీకు తెలియదు. ఆపి డ్రైవర్‌ని అడగొచ్చు, కానీ అంత బరువున్న బండి ఆగడానికీ మళ్లీ వేగం అందుకోవడానికీ బోలెడు టైమ్ పడుతుంది. అందుకని ఊహించి ఒక వైపు పెడతారు. ఊహ నిజమైతే బండి ఆగకుండా పోతుంది. తప్పైతే వెనక్కి తెచ్చి ఇంకో దారిలో పంపాలి. ప్రాసెసర్ కూడా కోడ్‌లో "ఇఫ్" దగ్గర, అంటే "ఇలా అయితే ఇటు, లేకపోతే అటు" అన్న చోట, సరిగ్గా ఇదే చేస్తుంది. అంకెలు వరసలో ఉంటే దాని ఊహ దాదాపు ప్రతిసారీ నిజమవుతుంది, కలగాపులగంగా ఉంటే మాటిమాటికీ తప్పుతుంది. బ్రాంచ్ ప్రిడిక్షన్ అనే పాఠాన్ని ఇంత హాయిగా చెప్పిన క్లాసులో నేనైతే కూర్చోలేదు. అడిగినవాళ్లకు కుతూహలం, చెప్పినవాళ్లకు ఓపిక. ఈ రెండూ ఒకే చోట కలవడం మామూలు విషయం కాదండీ.

తర్వాత దృష్టి మారింది. ప్రశ్నల సంఖ్య కోట్లలోకి వెళ్లేసరికి, పాతవాళ్ల పనంతా కాపలా కాయడమే అయిపోయింది. "ఇది ముందే అడిగారు" అని మూసేయడం, "నువ్వేం ప్రయత్నించావు?" అని నిలదీయడం. ఆ నియమం తప్పని నేను అనను. ఒకే ప్రశ్న వందసార్లు ఉంటే వెతికేవాడికి నష్టం. కానీ ఆ మాట చెప్పిన తీరు తప్పు. కొత్తవాళ్లకు ఇక్కడ ఆదరణ లేదని 2018లో ఆ సంస్థే బహిరంగంగా ఒప్పుకుంది. అప్పటికే కొత్త ప్రశ్నలు తగ్గడం మొదలైంది. ఏఐ వచ్చి దీన్ని చంపేసిందని అందరూ అంటారు కానీ, జారుడు అంతకు చాలా ముందే ఉంది.

మన పిల్లల విషయం ఇక్కడ చెప్పాలి. తెలుగు మీడియంలో చదివి బీటెక్‌కి వచ్చిన కుర్రాడికి కోడ్ కంటే ఇంగ్లిష్‌లో ప్రశ్న రాయడమే కష్టం. పోర్చుగీస్, రష్యన్, స్పానిష్, జపనీస్ వాళ్లకు వేరే సైట్లు పెట్టారు, తెలుగుకు లేదు, హిందీకీ లేదు. అందుకే మనవాళ్లలో చాలామంది చదివి వెళ్లిపోయారు గానీ ఎప్పుడూ అడగలేదు. చాట్‌బాట్ దగ్గర సగం తెలుగు, సగం ఇంగ్లిష్ కలిపి రాసినా కసురుకోదు. వాళ్లు అటు వెళ్లడాన్ని నేను తప్పు పట్టలేను.

2021లో ప్రోసస్ అనే నెదర్లాండ్స్ సంస్థ దీన్ని 180 కోట్ల డాలర్లకు కొన్నది. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ వచ్చింది. వారం తిరగకుండానే దానితో రాయించిన జవాబులు ఇక్కడ పెట్టకూడదని నిషేధించారు, ఎందుకంటే చూడ్డానికి నిక్షేపంగా ఉండి లోపల తప్పులున్న జవాబులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. 2023 జూన్‌లో, ఏఐ రాసిందన్న అనుమానంతో జవాబులు తీసేయడానికి సంస్థ అడ్డు చెప్పిందని, సైట్‌లో ఏది ఉండాలో చూసుకుంటూ జీతం లేకుండా పనిచేసే మోడరేటర్లు సమ్మెకు దిగారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఉద్యోగుల్లో 28 శాతం మందిని తీసేశారు. 2024 మేలో, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ ఏఐకి ఇక్కడి ప్రశ్నలు, జవాబులు అందించేలా ఒప్పందం కుదిరింది. కోపం వచ్చిన కొందరు తాము రాసిన జవాబులు తామే చెరిపేయబోతే, సైట్ వాటిని మళ్లీ వెనక్కి తెచ్చింది. రాసినప్పుడే అందరూ వాడుకునే లైసెన్సు కింద ఇచ్చారు కాబట్టి చట్టం ప్రకారం అది సరే. మనసుకు మాత్రం సరిగా అనిపించదు.

ఇప్పుడు వాడొచ్చా అంటారా? వాడండి, కానీ జవాబు కింద తేదీ చూడండి. పైథాన్ భాష పాత వెర్షన్ అయిన పైథాన్ 2 కాలం నాటి జవాబులు ఇప్పటికీ వందల ఓట్లతో కూర్చుని ఉన్నాయి. కింద ఉన్న కామెంట్లు తప్పకుండా చదవండి, "కొత్త వెర్షన్‌లో ఇది మారింది" అన్న మాట చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. గిట్, ఎస్‌క్యూఎల్, సీ లాంటి ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న వాటికి ఇప్పటికీ దీనికి సాటి నాకు కనిపించలేదు. నిరుడు వచ్చిన లైబ్రరీ, అంటే వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్, గురించి వెతికితే మాత్రం తరచూ ఖాళీ చేతులతో తిరిగొస్తున్నాను. నన్ను కలవరపెట్టేది అదే. చాట్‌బాట్‌తో కూర్చుని మీరు రాత్రంతా కుస్తీ పట్టి ఒక సమస్య పరిష్కరిస్తే, అది మీ స్క్రీన్ మీదే ఆగిపోతుంది. అదే ఎర్రర్ వచ్చిన ఇంకో మనిషికి అది ఎప్పటికీ కనిపించదు.

పోయిన వారం ప్రోగ్రామ్‌ని డేటాబేస్‌కి కలిపే ఒక డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌లో సమస్య తేల్చడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఎక్కడా జవాబు లేదు. సొంత ప్రశ్నకు మనమే జవాబు రాసుకునే వీలు అక్కడ ఉంది, చాలామందికి తెలియదు. ప్రశ్న, జవాబు రెండూ నేనే రాసి పెట్టాను. లింక్ కింద డిస్క్రిప్షన్‌లో ఉంది. తప్పేమైనా కనిపిస్తే ఈ వీడియో కింద రాయకండి, అక్కడే సరిచేయండి.