రేడియేటర్ ఎక్కడ, ఇరుసు ఎక్కడ: రెండు ప్రపంచ యుద్ధాల నడుమ అమెరికన్ విలాస కార్లను చూసే పద్ధతి

నమస్కారం. 1920, 1930 దశకాల్లో అమెరికాలో తయారైన విలాస కార్లను ఎలా చూడాలో, అలాంటి కారు ఎదుట నిలబడినప్పుడు దృష్టిని ముందుగా దేని మీద పెట్టాలో ఈ వీడియోలో వివరిస్తాను. ప్రదర్శనశాలకు వెళ్లినవారిలో చాలామంది క్రోమ్ మెరుపును చూసి, రేడియేటర్ మీది బొమ్మకు ఒక ఫోటో తీసి, తరువాతి కారు దగ్గరికి వెళ్లిపోతారు. మెరుపును ఎవరైనా ఎప్పుడైనా కొత్తగా తెప్పించవచ్చు. చక్రాలకూ, బానెట్‌కూ, తలుపులకూ మధ్య కుదిరిన కొలతలు మాత్రం ఛాసిస్‌ను, అంటే ఇంజిన్, చక్రాలు బిగించే కింది చట్రాన్ని, కోస్తే తప్ప మారవు కాబట్టి, మనం ఆ కొలతల నుంచే మొదలుపెడదాం.

కారుకు పక్కగా, వీలైనంత దూరంగా నిలబడండి. ముందు చక్రం నడిబొడ్డు నుంచి నిలువుగా ఒక గీత గీసినట్లు ఊహించుకుని, రేడియేటర్ ఆ గీత మీద ఉందో, దాన్ని దాటి ముందుకు వచ్చిందో గమనించండి. 1930 ప్రాంతపు డ్యూసెన్‌బర్గ్, ప్యాకార్డ్, కాడిలాక్ కార్లలో రేడియేటర్ దాదాపు ఇరుసుకు నేరుగా పైనే ఉంటుంది. దాని ముందు హెడ్‌లైట్లు, మడ్‌గార్డుల వంపు, బంపర్ తప్ప మరేమీ కనిపించవు. ఒకే వరుసలో ఎనిమిది సిలిండర్లున్న ఇంజిన్ చాలా పొడవైనది. దాన్ని మొత్తంగా ఇరుసుకు వెనుక అమర్చినందువల్ల బానెట్ కారు నడిమి భాగం దాకా సాగుతుంది, మనుషులు కూర్చునే చోటు వెనక్కి జరుగుతుంది. 1934లో క్రైస్లర్ కంపెనీ ఎయిర్‌ఫ్లో అనే కారులో ఇంజిన్‌ను ముందు చక్రాల మీదికి జరిపి, ప్రయాణికులందరినీ రెండు ఇరుసుల మధ్య కూర్చోబెట్టింది. ప్రయాణ సుఖం దృష్ట్యా అది సరైన ఆలోచనే. ఆ కారు సరిగా అమ్ముడుపోకపోయినా పద్ధతి మాత్రం పరిశ్రమ అంతటా వ్యాపించి, పాత కొలతలు క్రమంగా కనుమరుగయ్యాయి. అందుకే 1929 నుంచి 1934 దాకా వచ్చిన కార్లకు నేను మొదటి పీట వేస్తాను.

ఇప్పుడు బాడీ సంగతి చూద్దాం. మన దగ్గర లారీ కొనేవారు కంపెనీ నుంచి ఛాసిస్ తెచ్చుకుని, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట బాడీ కట్టించుకుంటారు కదా. ఆ రోజుల్లో అమెరికన్ ధనవంతులు కార్లు కొన్న పద్ధతి ఇంచుమించు అదే. 1928 డిసెంబరులో న్యూయార్క్ ప్రదర్శనలో డ్యూసెన్‌బర్గ్ మోడల్ జె విడుదలైనప్పుడు ఛాసిస్ ధర ఒక్కటే 8,500 డాలర్లు. ఫోర్డ్ మోడల్ ఎ కారు సుమారు 500 డాలర్లకే దొరుకుతున్న కాలమది. కొన్నవారు ఆ ఛాసిస్‌ను కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఉన్న మర్ఫీ కంపెనీకో, న్యూయార్క్‌లోని రోల్‌స్టన్‌కో, పెన్సిల్వేనియాలోని డెర్హమ్‌కో పంపించి, తమకు నచ్చిన బాడీని కట్టించుకునేవారు. యాష్ అనే చెట్టు కర్రతో చట్రం చేసి, దాని మీద చేతితో సాగగొట్టిన అల్యూమినియం రేకులు తొడగడం అక్కడి పనివారి విద్య. అయితే ప్రతి బాడీ ఒక్కరి కోసమే పుట్టిందని అనుకోకండి. ఎడ్సెల్ ఫోర్డ్ ఆధ్వర్యంలోని లింకన్ కంపెనీ బ్రన్, జడ్‌కిన్స్, విలోబీ వంటి సంస్థల చేత ఒకే నమూనా బాడీలను కొన్ని చొప్పున కట్టించి, తన కేటలాగులోనే పెట్టి అమ్మేది. బాడీ ఎవరు కట్టారో తెలుసుకోవాలంటే ముందు తలుపుకు కాస్త ముందు, కింది భాగంలో చిన్న లోహపు బిళ్ల ఉందేమో వెతకండి.

మోడల్ జె ఛాసిస్ మీద అందరికంటే ఎక్కువ బాడీలు కట్టిన సంస్థ మర్ఫీ. దాని పనితనం ముందు అద్దానికి ఇరువైపులా ఉన్న కమ్మీలలో తెలుస్తుంది. అవి ఎంతో సన్నగా ఉండటంవల్ల పై భాగమంతా గాలిలో తేలుతున్నట్లు కనిపిస్తుంది. రేమండ్ డీట్రిక్ రూపకల్పన చేసిన ప్యాకార్డ్ కార్లలో ముందు అద్దం రెండు ముక్కలుగా, నడుమ కొస తేలి, వెనక్కి వాలి ఉంటుంది. బానెట్ మీద నుంచి వచ్చే సన్నని గీతను మీ చూపుతో అనుసరించండి; అది ఎక్కడా తెగకుండా తలుపుల పైఅంచు దాకా సాగుతుంది. నా దృష్టిలో ఈ తరం మొత్తంలో అత్యుత్తమమైన గీత అదే. డ్యూసెన్‌బర్గ్ అభిమానులు ఒప్పుకోకపోవచ్చు.

బాడీ రకాల పేర్లు కొన్ని తెలిసి ఉంటే చూడటం సులువవుతుంది. రోడ్‌స్టర్ అంటే పక్క అద్దాలు లేని, ఒకే వరుస సీట్లున్న టాప్‌లేని బండి. అవే సీట్లకు పైకీ కిందికీ తిప్పే అద్దాలు ఉంటే దాన్ని కన్వర్టిబుల్ కూపే అంటారు. డ్యూయల్ కౌల్ ఫేటన్‌లో వెనుక సీటువారికి ప్రత్యేకంగా రెండో ముందు అద్దం ఉంటుంది. టౌన్ కారును నింపాదిగా చూడండి: యజమాని వెనుక మూసిన గదిలో పట్టుపరుపుల మీద కూర్చుంటే, డ్రైవర్ ఎండకూ వానకూ బయట కూర్చుంటాడు. ఆ సమాజంలోని తారతమ్యం అంత స్పష్టంగా రేకులో కనిపించే చోటు మరొకటి లేదు.

తరువాత కారుకు ఎదురుగా రండి. ప్యాకార్డ్‌ను రేడియేటర్ భుజాలను బట్టి గుర్తుపట్టాలి. 1904 నాటి మోడల్ ఎల్‌తో వచ్చిన ఆ కాడి లాంటి వంపును కంపెనీ దశాబ్దాల పాటు వదలలేదు. దానికి తోడు చక్రం నడిమి మూతలో ఎర్రని ఆరుపలకల గుర్తు ఉంటుంది. బఫెలో నగరంలో తయారైన పియర్స్-యారోను గుర్తుపట్టడం ఇంకా తేలిక. 1914 నుంచి ఆ కంపెనీ హెడ్‌లైట్లను విడిగా నిలబెట్టకుండా మడ్‌గార్డుల్లోనే కలిపి మలిచింది. మామూలు హెడ్‌లైట్లే కావాలని అడిగినవారికి వాటినీ అమర్చేది కాబట్టి, రేడియేటర్ మీది విలుకాడి బొమ్మను కూడా సరిచూసుకోండి. లింకన్ మీద పరుగెత్తే గ్రేహౌండ్ కుక్క ఉంటుంది.

వీలుంటే బానెట్ ఎత్తించి చూడండి. 1930 జనవరిలో, అంటే షేర్ మార్కెట్ కుప్పకూలిన మూడు నెలల లోపే, కాడిలాక్ కంపెనీ 16 సిలిండర్ల కారును న్యూయార్క్‌లో ప్రదర్శించింది. ఓవెన్ నాకర్ రూపొందించిన ఆ ఇంజిన్ పరిమాణం 452 క్యూబిక్ అంగుళాలు, అంటే సుమారు 7.4 లీటర్లు, శక్తి 165 హార్స్‌పవర్. 16 సిలిండర్లు ఎందుకని మీకు సందేహం రావచ్చు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో పిస్టన్ల తోపుతో తిరిగే కడ్డీ అయిన క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరిగేలోపు ప్రతి సిలిండరూ ఒకసారి మండుతుంది కాబట్టి, 16 సిలిండర్లుంటే ప్రతి 45 డిగ్రీలకూ ఒక తోపు అందుతుంది. ఒక తోపు ఆగకముందే మరొకటి అందుకోవడంవల్ల కుదుపు తెలియదు. అంటే అది వేగం కోసం కాదు, కుదుపులేని నడక కోసం చేసిన ఇంజిన్. వాల్వుల చప్పుడు వినిపించకుండా వాటి ఎడాన్ని నూనె ఒత్తిడితో దానంతటదే సరిచేసుకునే ఏర్పాటు కూడా అందులో ఉంది. వైర్లనూ గొట్టాలనూ కంటికి కనబడకుండా దాచి, నల్లని ఎనామెల్, పాలిష్ చేసిన లోహం జోడించి, ఇంజిన్‌నే ఒక దర్శనీయ వస్తువుగా తీర్చిదిద్దారు.

డ్యూసెన్‌బర్గ్ స్వభావం వేరు. దాని పూర్వీకులు 1924, 1925, 1927 సంవత్సరాల్లో ఇండియానాపోలిస్ 500 మైళ్ల పందెం గెలిచిన కార్లు. లేత ఆకుపచ్చ ఎనామెల్ పూసిన ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌లో వాల్వులను తెరిచే రెండు క్యామ్‌షాఫ్టులు, సిలిండర్‌కు నాలుగు చొప్పున 32 వాల్వులు ఉంటాయి. కంపెనీ ప్రకటించిన శక్తి 265 హార్స్‌పవర్. 1932లో వచ్చిన, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే సూపర్‌చార్జర్ ఉన్న ఎస్‌జె రకానికి 320. బానెట్ పక్క నుంచి బయటికి వంగివచ్చే మెరిసే గొట్టాలను చూసి అది ఎస్‌జె అని తీర్మానించకండి. ఆ గొట్టాలను సూపర్‌చార్జర్ లేని కార్లకు కూడా సోకు కోసం బిగించారు. డ్యాష్‌బోర్డు మీద 700 మైళ్లకు ఆయిల్ మార్చమనీ, 1,400 మైళ్లకు బ్యాటరీ చూడమనీ గుర్తుచేసే దీపాలున్నాయి.

ఈ కారుకు భారతదేశంతో ఒక సంబంధం ఉంది. ఇందోర్ మహారాజు రెండవ యశ్వంతరావు హోల్కర్ ఎస్‌జె ఛాసిస్ తెప్పించుకుని, లండన్‌లోని గర్నీ నటింగ్ సంస్థ చేత నారింజ, నలుపు రంగుల్లో రెండు సీట్ల బాడీ కట్టించుకున్నారు. ఛాసిస్ రెండు ఇరుసుల మధ్య దూరం దాదాపు 13 అడుగులు ఉండగా, అంత పొడవు మీద ఇద్దరికే చోటు. అది దుబారానే, అయినా ఆ బానెట్ పొడవు అలా తేలడానికి కారణం కూడా ఆ దుబారానే.

అసలైనదాన్నీ మార్పుచేసినదాన్నీ వేరుచేసి చూడటం కొంచెం కష్టం. మొత్తం 480 దాకా తయారైన మోడల్ జె కార్లలో చాలావాటికి తరువాతి కాలంలో బాడీలు మారిపోయాయి; మూసిన సెడాన్ బాడీని తీసేసి, ఎక్కువ ధర పలికే టాప్‌లేని బాడీని పెట్టినవారున్నారు. అందువల్ల ఇంజిన్ సంఖ్య, ఛాసిస్ సంఖ్య, బాడీ బిళ్ల మూడూ మొదటి నుంచీ ఒకే కారుకు చెందినవేనా అన్నది నిపుణులు మొదట అడిగే ప్రశ్న. తలుపు చుట్టూ ఉన్న సందును కూడా చూడండి. లోపలి కర్ర చట్రం కీళ్లు వదులైతే తలుపు గొళ్లెం వైపు కిందికి దిగుతుంది, సందు సమానంగా ఉండదు. ఎంత రంగు పూసినా అది దాగదు.

ఆర్థిక మాంద్యం ఈ వ్యాపారాన్ని కొద్దికొద్దిగా తినేసింది. మర్ఫీ 1932లోనే మూతపడింది, డ్యూసెన్‌బర్గ్ 1937లో, పియర్స్-యారో 1938లో ఆగిపోయాయి. వెయ్యి డాలర్ల పరిధిలో దొరికే వన్-ట్వంటీ కారును 1935లో తెచ్చినందువల్ల ప్యాకార్డ్ నిలదొక్కుకుంది. ఆ మధ్యలో, 1935 నవంబరులో గోర్డన్ బ్యూరిగ్ రూపకల్పన చేసిన కార్డ్ 810 అనే కారు ప్రదర్శనకు వచ్చింది. దానికి విడి రేడియేటర్ కనిపించదు, ఫుట్‌బోర్డు లేదు, హెడ్‌లైట్లు మడ్‌గార్డుల్లోకి ముడుచుకుంటాయి, శక్తి ముందు చక్రాలకు వెళ్తుంది. ఇంతసేపూ మనం చూసిన భాగాల్లో సగం అందులో లేకపోయినా కొలతల పొందిక చెక్కుచెదరలేదు. 1951లో న్యూయార్క్ ఆధునిక కళా ప్రదర్శనశాల ఎనిమిది కార్లను ఎంచి చూపినప్పుడు ఈ కార్డ్ రూపకల్పనకు కూడా చోటిచ్చింది.

అమెరికాలో ఉన్నవారు ఇండియానా రాష్ట్రంలోని ఆబర్న్ పట్టణానికి వెళ్లండి. ఆబర్న్ కంపెనీ 1930లో కట్టుకున్న షోరూమ్ భవనంలోనే ఇప్పుడు ఆబర్న్, కార్డ్, డ్యూసెన్‌బర్గ్ కార్ల ప్రదర్శనశాల ఉంది. మిషిగన్‌లోని హికరీ కార్నర్స్‌లో ఉన్న గిల్మోర్ ప్రదర్శనశాలలో పియర్స్-యారో, లింకన్, కాడిలాక్ కార్లను చూడవచ్చు. ప్యాకార్డ్ కోసమైతే ఒహాయోలోని డేటన్‌కు వెళ్లాలి. ఎక్కడికి వెళ్లినా తాకకుండా చూడండి. బానెట్ తెరిచి చూపగలరా అని సిబ్బందిని మర్యాదగా అడగండి. ఒకవేళ కుదరదన్నా, పక్కకు వెళ్లి నిలబడి ఇరుసు మీది గీతను చూసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.