పట్టీ తడిపి కట్టుకోండి

అందరికీ నమస్కారమండీ. పొద్దున్నే నడక మానుకుని నా మాట వినడానికి కూర్చున్నారు, ఎండెక్కక ముందే వదిలేస్తాను. నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి. డాక్టర్ని కాను, అది ముందే చెప్పేస్తున్నాను.

మొన్న మనలో ఒకాయన తన హార్ట్ రేట్ పట్టీ, అదే, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో చూడటానికి ఛాతీకి కట్టుకునేది, నా చేతిలో పెట్టి, "మాస్టారూ, ఇది పాడైంది. పదడుగులు వేస్తే చాలు, 190 చూపిస్తోంది" అన్నారు. తిప్పి చూశాను. లోపలివైపు చెమట ఎండి, తెల్లటి ఉప్పు చారలు. కొన్నప్పటి నుంచి ఉతకలేదట. "కరెంటు వస్తువు కదండీ, నీళ్లు తగిలితే పోదూ?" అని నన్నే అడిగారు. పట్టీకి తగిలించి ఉన్న మీటరు ఊడదీసి పక్కన పెట్టి, పట్టీని సబ్బు నీళ్లలో జాడించి, పిండకుండా నీడన ఆరేసి ఇచ్చాను. మర్నాడు అదే నడకకి 96 చూపించింది.

ఛాతీ పట్టీ గుండె చప్పుడు వినదండీ. గుండె ముడుచుకునే ప్రతిసారీ పుట్టే సన్నటి విద్యుత్తును చర్మం మీద పట్టుకుంటుంది. 1982లో ఫిన్లాండ్ వాళ్ల పోలార్ కంపెనీ వైరు లేని మీటరును అమ్మకానికి తెచ్చినప్పటి నుంచి ఛాతీ పట్టీలు పనిచేసే తీరు ఇదే. పొడి చర్మం ఆ విద్యుత్తును సరిగా అందనివ్వదు. అందుకే కట్టుకునే ముందు లోపలున్న రెండు నల్లటి పట్టాలను నీళ్లతో తడపాలి. ఇంటికొచ్చాక పట్టీని కుళాయి కింద కడగాలి, టిచ్ బటన్లు విప్పి మీటరు వేరుగా పెట్టాలి. తడి పట్టీకి తగిలించి ఉంచితే, ఎవరో కట్టుకున్నారనుకుని అది రాత్రంతా పనిచేస్తూనే ఉంటుంది. ఈ సంగతి తెలియక నేను ఒక్క వేసవిలో మూడు బిళ్ల బ్యాటరీలు కొన్నాను. షాపువాణ్ణి తిట్టాను కూడా, పాపం.

చేతి వాచీలది వేరే పద్ధతి. ఆకుపచ్చ వెలుగు చర్మంలోకి పంపి, రక్తం పొంగును చూస్తుంది. గాజులా వదులుగా వేలాడితే ఒక్కోసారి మీ అడుగుల్నే గుండె కొట్టుకోవడం అనుకుంటుంది. మణికట్టు ఎముకకి ఒక వేలు పైన, జారకుండా పెట్టుకోండి. వాచీ అడుగున చర్మానికి ఆనే అద్దం మీద కొబ్బరినూనె ఉంటే తుడవండి.

ఇక 220లోంచి వయసు తీసేసే లెక్క. నాకు 62, అంటే నా గుండె వేగం గరిష్ఠం నిమిషానికి 158. అందులో 50 నుంచి 70 శాతం, అంటే 79 నుంచి 110 మధ్య, చురుకైన నడకకి సరిపోతుందంటారు. బాగానే ఉంది గానీ, ఆ 220 ఒట్టి సగటు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకీ పది పన్నెండు అటూ ఇటూ పోతుంది. బీపీకో గుండెకో అటెనొలాల్, మెటొప్రొలాల్ వేసుకునేవాళ్లకైతే ఈ లెక్క అసలు పనికిరాదు. ఆ మాత్ర పనే గుండె వేగం తగ్గించడం. ఆ మాత్ర వేసుకునే పెద్దాయన ఒకరు 110 రావడం లేదని ఇక్కడే పరుగు లంకించుకున్నారు! ఆపి కూర్చోబెట్టాను. మీకెంత వేగం మంచిదో డాక్టరు చెప్పాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు పట్టీ కొనకముందే అడగండి.

నా కొలత మాత్రం మాటే. నడుస్తూ పక్కవాళ్లతో కబుర్లు చెప్పగలగాలి, పాట పాడబోతే మాత్రం ఊపిరి అందకూడదు. మే నెలలో అదే నడకకి అంకె పెరుగుతుంది. ఒంటిని చల్లబరచడానికి గుండె చర్మం వైపు కూడా రక్తం తోలాలి, పైగా చెమటలో నీరు పోతుంది. అప్పుడు వేగం తగ్గించుకోండి. మొదటి ఐదు నిమిషాలూ చివరి ఐదు నిమిషాలూ ఎలాగూ నెమ్మదిగానే.

ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి, కళ్లు తిరగడం, ఉన్నట్టుండి ఆయాసం. వీటిలో ఏది వచ్చినా వాచీ చూడొద్దు. అందులో 88 ఉన్నా సరే, ఆగి కూర్చుని 108కి ఫోన్ చేయించండి. గ్యాసేలే అని సోడా తాగి ఇంటికి నడిచి వెళ్లకండి.

ఇప్పుడు వాచీలు తీసి ఒళ్లో పెట్టుకోండి. ఎడమ అరచెయ్యి పైకి తిప్పండి. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర, కుడిచేతి రెండు వేళ్లు ఆనించండి. బొటనవేలితో వద్దమ్మా, దాని నాడి దానికుంటుంది. దొరికిందా? నేను 30 సెకన్లు చూస్తాను, వచ్చినదాన్ని రెండుతో హెచ్చవేయండి. ఆ, కానివ్వండి.