గుజ్జు డబ్బా మీద ఏం రాయాలో ఎవురు చెప్పాల?

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, లెక్చరర్లకి, తిరుపతి ఎండలో ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్న పిల్లలకి. వ్యాపారంలో ప్రొడక్ట్ మార్కెటింగ్ పాత్ర అని టాపిక్ ఇచ్చినారు, నోట్సు కూడా రాసుకొచ్చినా, కానీ ముందు ఒక డబ్బా సంగతి చెప్పేస్తా.

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పనిచేసినా, పేరు వద్దులే. మన తోతాపురి గుజ్జు ఎక్కువగా 215 కిలోల డ్రమ్ముల్లో, 3.1 కిలోల డబ్బాల్లో పోతాది, కొనేది జ్యూస్ కంపెనీలు, హోటళ్ళు, స్వీట్ షాపులు. ఒక ఏడు ఇళ్ళకి కూడా అమ్ముదామని మా ఓనరు 850 గ్రాముల డబ్బా చేయించినాడు. అన్నీ నింపి సీలేసినాక నన్ను పిలిచి "ఇంక మార్కెటింగ్ చెయ్యి, పాంప్లెట్లు కొట్టించు" అన్నాడు.

సంచిలో డబ్బాలేసుకోని బైరాగిపట్టెడలో ఇల్లిల్లూ తిరిగినా. ఒక రిటైరైన టీచరమ్మ డబ్బాని కళ్ళద్దాల దగ్గర పెట్టుకోని, "14 బ్రిక్స్ అని రాసినారే, అంటే ఏం నాయనా?" అనింది. తీపి కొలత అమ్మా అన్నా. "తియ్యగుంటాదని తెలుగులో రాయొచ్చు కదా. సరే, దీన్ని దేంతో కొయ్యాల? తెరిచినాక ఇద్దరం ముసిలోళ్ళం, పాడైపోకముందే ఇదంతా ఎట్ట తాగాల?"

లేబులు, మూత, సైజు. మూడూ డబ్బా నింపకముందే తేలాల్సినవి! పోయి చెప్తే "నీ పని అమ్మడం, తయారీలో వేలు పెట్టొద్దు" అనేసినారు. ఆ డబ్బాలు గోడౌన్లోనే ఉండిపోయినాయి.

పిల్లలూ, ఇది రాసుకోండి. యాడ్ వేరే, సేల్స్ వేరే. ఎవురు కొంటారు, ఇప్పుడు దాని బదులు ఏం వాడతా ఉండారు, ఎంతయితే ఇస్తారు, ఇవన్నీ కనుక్కోని లోపల చేసేవాళ్ళకి చెప్పాల, బయట అమ్మేవాళ్ళకి నేర్పాల, అదీ ప్రొడక్ట్ మార్కెటింగ్. 1931లోనే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అనే అమెరికా సబ్బుల కంపెనీలో నీల్ మెక్‌ఎల్‌రాయ్ అనే ఆయన ఒక్కో బ్రాండుకి పూర్తి బాధ్యత తీసుకునే మనిషి ఉండాలని మూడు పేజీల మెమో రాసినాడు, సరుకు అమ్ముడుపోని చోటికి పోయి డీలర్లని అడగాలని కూడా. మనకి ఇంకా ఆ మనిషి కుర్చీ గోడౌన్ గుమ్మం దగ్గరే వేస్తా ఉండారు.

నోట్సులో ఇంకా ఉండాది గానీ వదిలేస్తా. నేను మామిడి రైతు బిడ్డని. పోయినేటి గుజ్జు అమ్ముడుపోకపోతే ఈ ఏడు కాయ కొనేవాడుండడు. 2025లో ఏమైంది? ఫ్యాక్టరీ ఇచ్చేది 8 రూపాయలు, ప్రభుత్వం ఇచ్చేది 4, కలిపి రైతుకి కిలో తోతాపురికి 12 అన్నారు, అయినా కాయలేసుకోని ట్రాక్టర్లు గేటు ముందర ఎన్ని గంటలు నిలబడినాయో మీ ఇళ్ళల్లో అడగండి.

ప్రిన్సిపాల్ గారూ, ఒక్కటే అడుగుతా. జూన్‌లో కాయలొచ్చినప్పుడు ఈ పిల్లల్ని రెండ్రోజులు నాతో పంపండి, ఒకరోజు దామలచెరువు మామిడి మండీకి, ఒకరోజు గుజ్జు కొనే షాపులకి. వ్యాన్ ఖర్చు నాది.