పెద్దపండక్కి ఇల్లంతా పరుగుకు వెళ్తే

సభకు నమస్కారం.

సంక్రాంతికి ఇంకా అయిదు నెలలుంది, పండక్కి ఇంటిల్లిపాదీ పరుగు పోటీకి వెళ్దామని ఇప్పట్నుంచే ఈ మాటలెందుకని కొందరికి అనిపించొచ్చు. ముంబయి మారథాన్ ఏటా జనవరి మూడో ఆదివారం జరుగుతుందండి, 2004లో మొదటిసారి మటుకు ఫిబ్రవరిలో జరిగింది. మూడో ఆదివారం ఎప్పుడూ 15కీ 21కీ మధ్యే పడుతుంది. అంటే పండగకి అతుక్కునే ఉంటుంది, ఒక్కో ఏడు పండగ రోజే పడొచ్చు. పేర్ల నమోదు మటుకు మామూలుగా ఆగస్టు ప్రాంతంలోనే మొదలవుతుంది. పండగ దగ్గర పడ్డాక ఆలోచిస్తే అప్పటికి అన్నీ నిండిపోయి ఉంటాయి.

సెలవు రోజున జనం కుటుంబాలతో పరిగెత్తడం కొత్తేమీ కాదు. అమెరికాలోని బఫెలో ఊళ్లో థాంక్స్‌గివింగ్ పండగనాడు 8 కిలోమీటర్ల పరుగు 1896లో మొదలైంది. బ్రెజిల్‌లో సావోపాలో జనం 1925 నుంచి డిసెంబరు 31న పరిగెడుతున్నారు. అట్లాంటాలో అమెరికా స్వాతంత్ర్య దినమైన జులై 4న జరిగే పది కిలోమీటర్ల పరుగు 1970లో నూటపది మందితో మొదలై వేలల్లోకి పెరిగింది. పండక్కి అందరూ ఒకచోట చేరతారు కాబట్టే అవి పెరిగాయి. మన ఇళ్లలో అంతకన్నా ఎక్కువమందే చేరతారు కదండీ.

ఇంటిల్లిపాదీ వెళ్లేటప్పుడు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఇంట్లో బాగా పరిగెత్తే కుర్రాణ్ణి చూసి దూరం ఎంచుకుంటారు. లెక్క అందరికన్నా నెమ్మదిగా నడిచే మనిషి దగ్గర మొదలవ్వాలి. అది అమ్మమ్మ కావచ్చు, ఎనిమిదేళ్ల మనవరాలు కావచ్చు, పదేళ్లుగా కుర్చీలో ఉద్యోగం చేస్తున్న అల్లుడుగారైనా కావచ్చు. మామూలు మనిషి చురుగ్గా నడిస్తే కిలోమీటరుకి 11 నిమిషాలు పడుతుంది, అంటే పది కిలోమీటర్లకి 110 నిమిషాలు. నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున వెళ్తే, ఆ పరుగు కిలోమీటరుకి 8 నిమిషాల వేగమే అనుకున్నా, 98 నిమిషాల్లో పూర్తవుతుంది. రెండు నిమిషాల పరుగు, నిమిషం నడక అయితే 88. ఈ మూడు అంకెలూ కాగితమ్మీద రాసుకుని, ఆ పోటీ కటాఫ్, అంటే పూర్తిచెయ్యడానికి ఇచ్చే గడువు, ఎంతో పక్కన పెట్టి చూడండి. జనంలో మొదటి కిలోమీటరుకి రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది, అది కూడా కలపండి. ఇంట్లో నెమ్మదైన మనిషికి కటాఫ్ కన్నా పది నిమిషాలైనా మిగలకపోతే ఆ దూరం మీ ఇంటికి కాదు. ముంబయిలో అలాంటివాళ్ల కోసమే ఆరు కిలోమీటర్ల లోపు డ్రీమ్ రన్ ఉంది, అందులో టైమింగ్ ఉండదు. అరవై దాటినవారికి విడిగా సీనియర్ సిటిజన్స్ రన్ ఉంది. వయసు నిబంధనలు ఒక్కో దూరానికి ఒక్కోలా ఉంటాయి. పిల్లల పుట్టినతేదీలు దగ్గర పెట్టుకుని, అవి చదివాకే డబ్బు కట్టండి.

ఇక సాధన. ఇంట్లో సగంమంది ఇక్కడ కోనసీమలో, సగంమంది హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. అందుకని సాధన కిలోమీటర్లలో కాకుండా నిమిషాల్లో పెట్టుకోండి. రాజోలులో నలభై నిమిషాలు, కూకట్‌పల్లిలో నలభై నిమిషాలు. దూరాలు వేరైనా ఒంటికి పడే శ్రమ దాదాపు ఒకటే. అక్టోబరు మధ్యలో మొదలుపెడితే పన్నెండు వారాలు దొరుకుతాయి. వారానికి మూడు రోజులు చాలు. మొదటి మూడు వారాలు అరగంట, నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. తర్వాతి మూడు వారాలు నలభై నిమిషాలు. ఏడో వారం నుంచి రెండు నిమిషాల పరుగు, నిమిషం నడక, యాభై నిమిషాలు. పది, పదకొండు వారాల్లో ఒక్కసారి గంటన్నర. చివరి వారం అందులో సగం. పక్కవాళ్లతో మాట్లాడుతూ పరిగెత్తగలగాలి. మాట తెగిపోతుంటే వేగం ఎక్కువైందని గుర్తు.

మన నేలకు సంబంధించిన చిక్కు ఇక్కడే ఉంది. కోనసీమంతా బల్లపరుపు. ఇక్కడ ఎంత పరిగెత్తినా కాళ్లు ఒకేలా కదులుతాయి. హైదరాబాద్ ఫ్లైఓవర్ల మీదో, విశాఖ బీచ్ రోడ్డు ఎత్తుపల్లాల మీదో, ముంబయి హాఫ్, ఫుల్ మారథాన్లలో వచ్చే పెడ్డర్ రోడ్డు ఎక్కుడులోనో అసలు సంగతి బయటపడుతుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదొందల మీటర్ల పైనే ఉంది, ఊపిరి ఆడదేమోనని కొందరు భయపడతారు. ఆ ఎత్తుకి ఊపిరికి ఏ ఇబ్బందీ ఉండదు. దెబ్బతీసేది దిగుడు. దిగేటప్పుడు తొడ ముందు కండరం సాగుతూనే బ్రేకు వేస్తుంది. అలవాటు లేని కండరానికి లోపల సన్నటి చిరుగులు పడతాయి. ఆ నొప్పి మర్నాడు మొదలై రెండో రోజుకి ముదురుతుంది, మెట్లు దిగనివ్వదు. దీనికి మందు మన ఊళ్లోనే ఉంది, అదే ఏటిగట్టు. పొలం వైపు నుంచి గట్టు మీదకి ట్రాక్టర్లు ఎక్కే ర్యాంపు చూసుకోండి. చిన్న అడుగులు వేస్తూ ఎక్కండి, నెమ్మదిగా పరుగు తీస్తూ దిగండి. మొదటివారం నాలుగుసార్లు, తర్వాత ఆరు, ఎనిమిది. వారానికి ఒక్కరోజు చాలు. దిగేటప్పుడు మడమ ముందుకి చాచి కొట్టకండి, పాదం ఒంటి కిందే పడాలి. ఎక్కడం మీద చాలామందికి శ్రద్ధ ఉంటుంది, దిగడాన్ని ఎవరూ సాధన చెయ్యరు. చెయ్యాల్సింది అదే.

నవంబరు, డిసెంబరుల్లో మన రోడ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. సార్వా కోతలై సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. గింజ మీద కాలు పడితే జారుతుంది, పైగా అది రైతు కష్టం. పక్కనించి వెళ్లాలంటే లారీలకి ఎదురెళ్లినట్టే. పొద్దున్నే మంచులో పది గజాల ముందున్న మనిషి కనపడడు. తెల్లారి వెలుగొచ్చాకే బయల్దేరండి, లేతరంగు చొక్కా వేసుకోండి, ఎదురుగా వచ్చే బండ్లు కనపడేలా కుడివైపున పరిగెత్తండి. అయితే కాలవగట్టు రోడ్డు నీళ్లు జారిపోవడానికి అంచులవైపు వాలుగా ఉంటుంది. రోజూ కుడి అంచునే పరిగెడితే కుడికాలు ఎప్పుడూ పల్లంలో పడి మోకాలి బయటివైపు నొప్పి పుడుతుంది. అందుకని వారానికి ఒక్కరోజైనా హైస్కూలు గ్రౌండుకి మారండి. అక్కడ కూడా సగం చుట్లు ఒక దిక్కుకి, సగం రెండో దిక్కుకి.

బూట్లు సాయంత్రంపూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. నిలబడితే పెద్దవేలికీ బూటు మొనకీ మధ్య బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. పండక్కి కొత్త బట్టలు కట్టుకున్నట్టు పరుగుకి కొత్త బూట్లు వేసుకోకూడదు, యాభై కిలోమీటర్లైనా నడిచి ఉండాలి. నూలు బనియను తడిసి ఒంటికి అంటుకుని ఒరుసుకుపోతుంది. ఒరుసుకునేచోట కొబ్బరినూనె కాసేపటికే ఇంకిపోతుంది, వాజిలైన్ నిలుస్తుంది. అమ్మమ్మ చీరలోనే నడుస్తానంటే నడవనివ్వండి. చీలమండ పైకి ఉండేలా కట్టుకుని, కుచ్చిళ్లకీ పైటకీ పిన్నులు పెట్టుకుంటే చాలు.

పండగ మూడురోజులూ జాగ్రత్తగా గడపాలి. భోగినాడు పొద్దున్న బయట పరిగెత్తకండి. చలికి కింద గాలి కదలదు, మంట పొగా పొగమంచూ కలిసి మనిషెత్తులోనే నిలిచిపోతాయి. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఆ గంట చాలు వారమంతా పాడవ్వడానికి. సాయంత్రం ఇరవై నిమిషాలు నడిస్తే సరిపోతుంది. కనుమనాడు కాకి కూడా కదలదంటారు. పరుగుకు వెళ్లేవాడికి అంతకన్నా మంచి మాట లేదు, ఆ రోజు పూర్తి విశ్రాంతి. గారెలూ అరిసెలూ తినండి, పండగ మానుకోమనడం న్యాయం కాదు. పరుగుకి ముందురోజు మాత్రం మాంసం, చేపల పులుసు, నూనె వంటలు వద్దు. అన్నం, ముద్దపప్పు, కొద్దిగా నెయ్యి, అరటికాయ కూర, అంతే.

ప్రయాణం. అమలాపురానికి ఇంకా రైలు లేదు కాబట్టి రాజమండ్రి వెళ్లి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ లాంటిది ఎక్కాలి, ఒక రోజంతా రైల్లోనే. రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందే తెరుస్తారు, అంటే నవంబరు మధ్యలో. పండగ రద్దీకి తెరిచిన పొద్దుటే అయిపోతాయి. శుక్రవారానికల్లా ముంబయి చేరండి. బిబ్‌లు, అంటే ఛాతీ మీద పెట్టుకునే నంబరు కాగితాలు, పరుగు రోజున ఇవ్వరు, ముందురోజుల్లోనే గుర్తింపుకార్డు చూపించి తీసుకోవాలి. ఆదివారం రోడ్లు మూసేస్తారు, లోకల్ రైలే దిక్కు. బస దాని స్టేషనుకి నడిచి వెళ్లేంత దూరంలో చూసుకోండి.

బిబ్ గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. తాతగారికి ఒంట్లో బాగోలేదని ఆయన బిబ్ మనవడికి తగిలిస్తారు. బిబ్ వెనక రక్తం గ్రూపు, ఇంటివాళ్ల ఫోను నంబరు, మందులు పడని వివరం ఉంటాయి. దారిలో కుర్రాడు పడిపోతే వైద్యుడు చూసేది ఆ కాగితాన్నే. దయచేసి ఆ పని చెయ్యకండి. నాలుగు మూలలా నాలుగు పిన్నులతో ఛాతీ మీద పెట్టుకోండి. వెనకున్న, సమయం కొలిచే చిప్‌ని మడవకండి, దాన్ని గుచ్చకండి.

షుగరుకి ఇన్సులిన్‌గానీ మాత్రలుగానీ వాడేవాళ్లు ముందే డాక్టరుగారితో మాట్లాడి, పరుగుకు ముందు పరీక్ష చేసుకోవాలి. 90 కన్నా తక్కువుంటే ఒక అరటిపండు తిని కాసేపు ఆగాలి, జేబులో గ్లూకోజు ఉండాలి. బీపీకి బీటా బ్లాకర్లనే మందులు వాడేవాళ్ల గుండె వేగం అంతగా పెరగదు, చేతి వాచీలో అంకె చూసి మోసపోకండి. వాళ్లకి మాట తెగుతోందా లేదా అన్నదే కొలత. మోకాళ్ల నొప్పి రాకుండా ముందే నొప్పిమాత్ర వేసుకోవడం బాగా ప్రబలింది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్ర మూత్రపిండాలమీద పడుతుంది. పొరపాటున కూడా వద్దు.

పరుగుకి రెండుగంటల ముందు రెండు ఇడ్లీలు, లేకపోతే ఒక చక్రకేళీ. పాలు వద్దు. డ్రీమ్ రన్ మిగతా పరుగుల తర్వాత, ఎండెక్కాకే మొదలవుతుంది. జనంలో గంట నిలబడాలి, పిల్లలకి ఇంకో అరటిపండు సంచిలో ఉంచండి. దాహమైతే నీళ్లు తాగండి, దారిలో నీళ్లిచ్చే ప్రతి బల్ల దగ్గరా తాగితీరాలని లేదు. ఉత్త నీళ్లు మరీ ఎక్కువ తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, అది దాహం కన్నా ప్రమాదం. మన కొబ్బరినీళ్లలో పొటాషియం బోలెడుంది, చెమటలో పోయే సోడియం మాత్రం తక్కువ. పరుగయ్యాక తాగేటప్పుడు చిటికెడు ఉప్పు వేసుకోండి. ఓఆర్ఎస్ పొట్లం మీద లీటరుకని ఉంటే లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో కలిపితే కడుపు తిప్పుతుంది.

కలిసి వెళ్లాలా, ఎవరి దారి వాళ్లదా అన్నది ముందురాత్రే తేల్చుకోండి. కలిసైతే నెమ్మదైన మనిషిని అరడుగు ముందు ఉంచండి. వెనక ఉంటే ఆయన అందుకోవాలని ఆయాసపడతాడు. పక్కపక్కన ఇద్దరికి మించి వద్దు, వెనకవాళ్లకి దారి ఉండదు. నడకకి మారేముందు చెయ్యెత్తి అంచుకి జరగండి. ఫోటో కోసం దారి మధ్యలో ఠక్కున ఆగితే వెనకున్న పదిమంది మీద పడతారు. విడివిడిగా అయితే, చివర్న ఫోనులు పనిచెయ్యవని అనుకునే ప్రణాళిక వేసుకోండి. అంతమంది ఒకేచోట ఉంటే సిగ్నలు అందదు. ‘ఫినిష్ దగ్గర కలుద్దాం’ అంటే కలవలేరు. ముందురోజు వెళ్లి చెట్టో, గేటో, అక్షరం బోర్డో ఒకటి చూసి పెట్టుకోవాలి. రావాల్సిన సమయానికి ఇరవై నిమిషాలు దాటినా మనిషి రాకపోతే ఒకరు అక్కడే ఉండాలి, ఇంకొకరు మెడికల్ టెంటుకి వెళ్లి బిబ్ నంబరు చెప్పాలి. అందుకే అందరి నంబర్లూ అందరి దగ్గరా కాగితమ్మీద ఉండాలి.

గీత దాటగానే కూలబడకండి, పది నిమిషాలు నడవండి. తడిబట్టలు మార్చుకుని గంటలోపు పెరుగన్నమో ఉప్మానో తినండి. తిరుగు టిక్కెట్లు తీసేటప్పుడు ఎక్కువ దూరం పరిగెత్తేవాళ్లకి లోయర్ బెర్తు అడగండి, ఆ రాత్రి పైబెర్తు నిచ్చెన దిగడమే కష్టం. రైల్లో గంటకోసారి లేచి తలుపుదాకా నడిచిరండి.