ఇజ్రాయెల్లో ష్మితా: పొలానికి సెలవు, వంటింట్లో రెండో చెత్తడబ్బా

నమస్తే అండీ. ఇప్పుడు మీరు చూస్తున్నది షారోను మైదానంలో ఒక నారింజ తోట. చెట్ల మొదళ్ళ వెంట నల్ల పైపు కనిపిస్తోంది కదా, డ్రిప్పు. యూదుల ధర్మం ప్రకారం ఏడేళ్ళకోసారి భూమికి విశ్రాంతి ఇవ్వాలి, ఆ ఏడో ఏడే ష్మితా. ఆ ఏడాదిలో కూడా ఈ డ్రిప్పు పూర్తిగా ఆగదు. భూమికి విశ్రాంతి అంటే తోటకి తాళం వేసి పోవడం అనుకుంటాం. అది కాదండీ. చెట్టు చావకుండా కాపాడొచ్చు, బాగా ఎదగాలని చేసే పని మాత్రం చేయకూడదు. రైతు తలనొప్పంతా ఈ రెంటి మధ్యే.

బైబిల్లోని లేవీయకాండం 25వ అధ్యాయంలో ఉన్నది ఇదే: విత్తొద్దు, కొమ్మలు కత్తిరించొద్దు, కోసి కొట్లో నింపుకోవద్దు. దున్నడమూ కుదరదు. అందుకే దుక్కులు, కత్తిరింపులు ఆరో ఏటే, యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా పండగలోపే పూర్తి చేస్తారు. పండ్ల మొక్క నాటాలంటే పండగకి 44 రోజుల ముందే నాటేయాలి, వేరు పట్టడానికి పట్టే రోజులు కూడా లెక్కలోకి వస్తాయి కాబట్టి. ఇక చలికాలం వానలకి కలుపు ఏపుగా లేస్తుంది. వేళ్ళతో పీకితే నేల తిరగేసినట్టే, కాబట్టి పైపైన కోస్తారు.

మరి ఏం తింటారు? ఈ ప్రశ్న ఆ అధ్యాయంలోనే ఉంది. ఆరో ఏట మూడేళ్ళకి సరిపడా పంట ఇస్తానని దేవుడి మాట. దాన్నే నమ్మి నిజంగా పొలం వదిలేసే రైతులు ఉన్నారు. అప్పులున్నవాళ్ళకీ, ఎగుమతి ఒప్పందాలున్నవాళ్ళకీ 'హెతేర్ మెఖిరా' అనే దారి ఉంది. ఆ ఏడాది వరకు భూమిని యూదులు కానివారికి అమ్మినట్టు పత్రం రాస్తారు. 1888–89 ష్మితాలో మొదలైంది, 1909–10లో రబ్బీ, అంటే యూదు మతగురువు, కూక్ సమర్థించారు. హరేదీలు, అంటే మతనియమాలు చాలా కఠినంగా పాటించే యూదులు, చాలామంది ఒప్పుకోరు. కాగితం మాయ అని కొట్టిపారేయడం సులువే, కిస్తీ కట్టేవాడికి కదా తెలిసేది.

ఇంకో దారి 'ఓత్సర్ బేత్ దీన్'. ఆ ఏటి పండు ఎవరి సొత్తూ కాదు కాబట్టి రబ్బీల న్యాయస్థానం తరఫున కోసి పంచుతారు. మీరిచ్చేది కోత కూలి, రవాణా ఖర్చు. పండుకి ధర లేదు.

ఇళ్ళల్లో పెద్దవాళ్ళని చూసుకునే మన తెలుగువాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు, ఈ ముక్క వాళ్ళ కోసం. నియమం పాటించే ఇంట్లో సింక్ పక్కన విడిగా ఒక డబ్బా పెడతారు. ష్మితా పండు పవిత్రం, తినదగ్గ భాగాన్ని మామూలు చెత్తలో వేయరు. అరటి తొక్కకూడా అందులోకే, పశువు తింటుంది కాబట్టి. కుళ్ళి పనికిరాకుండా పోయాక పారేస్తారు. పచ్చిగా తినేదాన్ని ఉడికించడమూ కుదరదు, కాబట్టి కీరా దోసకాయని పప్పులో వేసే ముందు ఇంట్లోవాళ్ళని అడగండి.

ఎక్కువమంది తప్పు చేసేది తేదీల దగ్గర. కూరగాయకి కోసిన రోజు లెక్క, పండుకి పిందె పడిన కాలం లెక్క. గత ష్మితా 2021 సెప్టెంబర్ 7న మొదలై 2022 సెప్టెంబర్ 25తో అయిపోయింది. కానీ 2022 వసంతంలో పిందె పడిన నారింజలు కోతకొచ్చింది ఆ చలికాలంలో. ఏడాది అయిపోయిందిలే అని తొక్కలు మామూలు బుట్టలో వేస్తే ఇంటి పెద్దావిడ ఊరుకోదు మరి.

దుకాణంలో కూరల పెట్టె మీద చీటీ చూడండి: ఓత్సర్ బేత్ దీన్, హెతేర్ మెఖిరా, 'యెవుల్ నోఖ్రి' అంటే యూదులు కాని రైతుల పంట, లేదా విదేశీ సరుకు. ఏ చీటీ సరుకు ఆ ఇంట్లోకి రావచ్చో ముందే తెలుసుకోండి. డబ్బు పోయేకన్నా మాట పడటమే ఎక్కువ బాధ.

తర్వాతి ష్మితా 2028 సెప్టెంబర్‌లో మొదలవుతుంది. ఆ పండుని దేశం దాటించకూడదన్న నియమమూ ఉంది. 2029–30 చలికాలంలో మన ఊరికి వెళ్ళేవాళ్ళు ఆ ఇంటి నారింజలు బ్యాగులో సర్దకండి, ఖర్జూరమో చాక్లెట్లో తీసుకెళ్దామంటే ఖర్జూరానికీ చీటీ చూసుకోవాలి.